పెన్నా ఇసుక, నెల్లూరు ఒడ్డు: సముద్రం తీరాన్ని ఎలా మలుస్తుంది?

ప్రొద్దుటూరు_భూగోళం:
అందరికీ నమస్కారం. కడప జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఈసారి పిల్లలను నెల్లూరు తీరానికి తీసుకెళ్లాలని ఉంది. అలలు తీరాన్ని కోస్తాయి, మేటలు కూడా వేస్తాయి అన్నంతవరకు పాఠంలో ఉంది. ఎప్పుడు కోస్తాయి, ఎప్పుడు మేట వేస్తాయి? ఆ ఇసుక అసలు ఎక్కడిది? కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఇళ్లు సముద్రం పాలవుతుంటే చెన్నై మెరీనా ఎందుకంత వెడల్పుగా ఉంది? సముద్ర మట్టం పెరగడం వల్లే అంతా జరుగుతోందని పిల్లలు వార్తల్లో విని వచ్చి చెబుతున్నారు. రెండు తీరాలకూ ఒకే సముద్రం కదా అని నేను అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. మన జిల్లాకు సముద్రం లేదని ఈ విషయాన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. పెన్నా మన ఊళ్ల మీదుగానే వెళ్లి అక్కడ కలుస్తోంది. తెలిసినవాళ్లు వివరంగా రాయగలరు.

తాడిపత్రి_శిల:
మాస్టారూ, మన జిల్లాకు సముద్రం లేదన్నది ఈ కాలానికి మాత్రమే నిజం. గువ్వలచెరువు, పులివెందుల, గండికోట, బనగానపల్లె, పాణ్యం. ఇవి మనకు ఊళ్లు. భూగర్భ శాస్త్రంలో ఇవే గట్టి ఇసుకరాతి పొరల పేర్లు. ఈ కడప, కర్నూలు పొరల్లో అడుగువాటి వయసు 180 కోట్ల సంవత్సరాలు దాటింది. వీటిలో చాలా భాగం లోతు తక్కువ సముద్రంలో, ఒడ్డుకు దగ్గరగా పేరుకున్న ఇసుకే. వేంపల్లె పొరల్లో కనిపించే స్ట్రోమటోలైట్లు కూడా ఎండ సోకే లోతు తక్కువ నీళ్లలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా పెంచినవి.

తీరానికి వెళ్లే ముందు పిల్లలకు మన క్వార్ట్‌జైట్ (ఆ గట్టి ఇసుకరాయే) పలకలు చూపించండి. వాటి మీద సన్నటి మడతలు ఉంటాయి. మడతకు రెండు వైపులా వాలు సమానంగా ఉంటే, నీరు ముందుకూ వెనక్కూ ఊగిందని, అంటే అది అలల పని అని అర్థం. ఒక వైపు ఏటవాలుగా, రెండో వైపు నిటారుగా ఉంటే నీరు ఒకే దిక్కుకు పారింది. నెల్లూరు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో ఇసుక మీద అవే మడతలు కనిపిస్తాయి. రాతిలో చూసిన పిల్లలు ఇసుకలో వెంటనే గుర్తుపడతారు.

అనంత_నేల:
ఒక సందేహం. అలలు ఇసుకను ఒడ్డుకు తెస్తాయా, ఒడ్డు నుంచి తీసుకుపోతాయా? కొందరు తెస్తాయంటారు, కొందరు తీసుకుపోతాయంటారు.

కర్నూలు_ఇంజనీరు:
రెండూ చేస్తాయి. ఏది ఎప్పుడు అన్నదే అసలు విషయం. నేను పదవీ విరమణకు ముందు ఓడరేవు పనుల్లో ఉన్నాను కాబట్టి కాస్త విపులంగా రాస్తాను.

లోతైన సముద్రంలో అల వెళుతున్నప్పుడు నీరు దానితో పాటు ప్రయాణం చేయదు. ప్రతి నీటి కణం ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. కిందికి వెళ్లే కొద్దీ ఆ తిరుగుడు చిన్నదవుతుంది. అల పొడవులో సగం లోతు దాటితే దాదాపు ఏమీ మిగలదు. ఎనిమిది సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అల పొడవు సుమారు 100 మీటర్లు. అంటే లోతు 50 మీటర్లకు తగ్గినప్పుడు ఆ అలకు నేల తగలడం మొదలవుతుంది. అక్కడి నుంచి అల వేగం తగ్గుతుంది, పొడవు కుంచించుకుపోతుంది, ఎత్తు పెరుగుతుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు పడిపోయినప్పుడు అల విరిగిపోతుంది. తుఫాను నాటి పెద్ద అలలు అందుకే దూరంగా విరుగుతాయి, మామూలు అలలు ఒడ్డు దగ్గర విరుగుతాయి.

లోతు తగ్గిన చోట గుండ్రటి తిరుగుడు చదునై ముందువెనుకల ఊపుగా మారుతుంది. ఈ ఊపు రెండు వైపులా ఒకేలా ఉండదు. అల శిఖరం కింద ఒడ్డు వైపు వచ్చే తోపు కొద్దిసేపే ఉంటుంది, కానీ బలంగా ఉంటుంది. వెనక్కి లాగే ఊపు ఎక్కువసేపు, మెల్లగా సాగుతుంది. బలమైన తోపుకు కదిలిన ఇసుక రేణువును మెల్లని లాగుడు పూర్తిగా వెనక్కి తీసుకుపోలేదు. ప్రశాంతంగా ఉన్న నెలల్లో ఒడ్డుకు ఇసుక చేరేది ఇలాగే.

తుఫానులో లెక్క తిరగబడుతుంది. ఒకదాని వెంట ఒకటి విరిగే పెద్ద అలలు ఒడ్డు మీదికి నీటిని ఎగదోస్తాయి. ఆ నీరు తిరిగి వెళ్లాలి కదా. అడుగు భాగంలో సముద్రం వైపు గట్టి ప్రవాహంగా వెళుతుంది. అలల తాకిడికి లేచి తేలుతున్న ఇసుక దానితో పోయి, అలలు విరిగే చోట నీటి కింద మేటగా పేరుకుంటుంది. ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి ఏమిటంటే, ఆ మేట పెరిగిన కొద్దీ తర్వాత వచ్చే అలలు దాని మీదే విరిగిపోతాయి. ఒడ్డు తన ఇసుకను ఖర్చుపెట్టి తనకు తానే అడ్డుకట్ట వేసుకుంటుందన్నమాట. తుఫాను పోయాక నెలల తరబడి చిన్న అలలు ఆ మేటను మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి.

కావలి_తీరం:
ఉద్యోగరీత్యా కడపలో ఉన్నాను, మాది నెల్లూరు జిల్లా తీర గ్రామం. ఇంజనీరు గారు రాసింది మేం ఏటా చూసేదే. మాకు తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ రోజుల్లో ఒడ్డును సముద్రం నిలువుగా కోసేస్తుంది, పడవలు నిలిపిన చోటు కూడా మిగలదు. సంక్రాంతి దాటిన తర్వాత మెల్లమెల్లగా ఇసుక తిరిగి వస్తుంది. కోత పడిన చోట నల్ల ఇసుక చారలు తేలతాయి. దాని గురించి కూడా ఎవరైనా చెప్పండి.

ఇక్కడివాళ్లకు తెలియని మరో సంగతి. అలలు ఒడ్డుకు సూటిగా రావు, కొంచెం ఏటవాలుగా వస్తాయి. నైరుతి గాలుల కాలంలో దక్షిణం వైపు నుంచి, ఈశాన్య గాలుల కాలంలో ఉత్తరం వైపు నుంచి. తేలే వస్తువు ఏదైనా ఒడ్డు వెంబడి ఏ దిక్కుకు కొట్టుకుపోతోందో చూసి ఏ కాలం నడుస్తోందో మా పెద్దవాళ్లు చెప్పేవారు.

తాడిపత్రి_శిల:
నల్ల ఇసుక అంటే ఇల్మనైట్ వంటి బరువైన ఖనిజాలు, వాటితో పాటు ఎర్రటి గార్నెట్. తేలికైన క్వార్ట్జ్ రేణువులను అలలు లాక్కుపోతే బరువైనవి అక్కడే మిగిలిపోతాయి. అందుకే కోత తర్వాత చారలు బయటపడతాయి. పిల్లలతో ఒక అయస్కాంతం తీసుకెళ్లండి మాస్టారూ, అందులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటే అంటుకుంటుంది.

ప్రొద్దుటూరు_భూగోళం:
చాలా సంతోషం. మరి మెరీనా, ఉప్పాడల మధ్య తేడా?

కర్నూలు_ఇంజనీరు:
కావలి సోదరులు చెప్పిన ఆ ఏటవాలు అలల్లోనే జవాబు ఉంది. ఏటవాలుగా వచ్చి విరిగే అల ఇసుకను పక్కకు ఎగదోస్తుంది, వెనక్కి జారే నీరు నేరుగా కిందికి దిగుతుంది. ప్రతి అలకూ రేణువు కొంచెం పక్కకు జరుగుతుంది. దీనికి తోడు అలలు విరిగే మేర ఒడ్డు వెంబడి ఒక ప్రవాహమే ఏర్పడుతుంది. మన తూర్పు తీరంలో నైరుతి కాలపు అలలది పైచేయి. కాబట్టి ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. తీరం కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుందే గానీ, నిన్నటి ఇసుక అక్కడ ఉండదు. పోయినంత వస్తుంటే తీరం నిలుస్తుంది. అది ఇసుక జమాఖర్చు.

ఇప్పుడు ఆ దారికి అడ్డంగా సముద్రంలోకి రాతి కట్ట కట్టండి. దక్షిణం వైపు ఇసుక ఆగి ఒడ్డు పెరుగుతుంది. ఉత్తరం వైపు అలలు ఎప్పటిలాగే ఇసుకను తీసుకుపోతాయి గానీ కొత్తది రాదు. 19వ శతాబ్దం చివర్లో చెన్నై రేవు కట్టలు వేశాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు కోత మొదలై రాళ్లు పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. పుదుచ్చేరిలో కూడా రేవు కట్టాక పట్నం ముందున్న ఇసుక ఒడ్డు పోయింది. విశాఖలో రేవు కట్టల దగ్గర చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి రామకృష్ణా బీచ్ వైపు పోస్తున్నారు. అల చేయాల్సిన పనిని యంత్రంతో చేయడం అది. ఖర్చు ఆగదు, కానీ తీరానికి న్యాయం జరిగే పద్ధతి అదే అని నా అభిప్రాయం.

ఉప్పాడ కథ కొంచెం వేరు. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నడిపించగా కాకినాడ ముందు పొడవాటి ఇసుక నాలుక పెరిగింది. హోప్ ఐలాండ్ అంటే అదే, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఉత్తరానికి చేరాల్సిన ఇసుకలో చాలా భాగం ఆ నాలుక దగ్గర, అఖాతంలో ఆగిపోతోంది. దానికి అవతల ఉన్నది ఉప్పాడ. అక్కడ ఇసుక నింపిన పెద్ద సంచులతో గోడ కట్టారు, తుఫాన్లు దాన్నీ దెబ్బతీశాయి.

నంద్యాల_నీళ్లు:
జమాఖర్చు అన్నారు కాబట్టి జమ వైపు సంగతి నేను రాస్తాను. అది మన ప్రాంతంలోనే ఉంది.

శ్రీశైలం జలాశయం మొదటి సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక వల్ల ఇప్పుడు సుమారు 215 టీఎంసీలు. తుంగభద్ర జలాశయం మొదట 133 టీఎంసీలు, ఇప్పుడు 105 దగ్గర ఉంది. మన దగ్గర దీన్ని నీటి నష్టంగానే చూస్తాం. అది నిజమైన నష్టమే, కాలువ చివరి రైతును అడిగితే చెబుతాడు. కానీ ఆ పూడిక ఇంకొకరికి అందాల్సిన మట్టి, ఇసుక. కృష్ణా నది 1960ల చివర్లో ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 2000-2005 నాటికి అది సుమారు 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరి 1970లలో 15 కోట్ల టన్నులు తెస్తే, 2000 తర్వాత 6 కోట్ల టన్నుల లోపే తెచ్చింది. రెండు డెల్టాల ముందూ సముద్రం చాలా చోట్ల లోపలికి వస్తోంది.

వరద రోజుల్లో ఎర్రగా పారే నీటిని చూసి ఒండ్రు పోతూనే ఉంది కదా అంటారు. ఎర్రగా కనిపించేది బంకమన్ను. 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు నిలకడ నీటిలో మీటరు లోతు దిగడానికి నిమిషం కూడా పట్టదు. సన్నటి బంకమన్ను రేణువుకు రోజులు పడతాయి. కాబట్టి జలాశయంలోకి రాగానే ఇసుక మొదట అడుగుకు చేరుతుంది, గేట్ల మీదుగా దాటేది ఎక్కువగా మన్నే. సముద్రంలో కూడా మన్ను అలల మధ్య నిలవలేక దూరంగా వెళ్లిపోతుంది. ఒడ్డును నిలబెట్టేది ఇసుక. సరిగ్గా దాన్నే మనం ఆపుతున్నాం.

పులివెందుల_సేద్యం:
అన్నా, ఒక్క మాట. గండికోట, మైలవరం, సోమశిల లేకపోతే మేమూ బతకం, నెల్లూరు వాళ్లూ బతకరు. తీరం కోసం ప్రాజెక్టులు వద్దంటే మా ప్రాంతంలో ఎవరూ ఒప్పుకోరు. నీళ్ల కోసం ఎన్ని తరాలు ఎదురుచూశామో అందరికీ తెలుసు.

నంద్యాల_నీళ్లు:
వద్దని నేను అనలేదన్నా, అనను కూడా. పెన్నా మీద సోమశిల ఒక్కటే 78 టీఎంసీల జలాశయం. అది ఉండాల్సిందే. నేను అడిగేది దాని దిగువన, ఎగువన మిగిలిన ఇసుక గురించి. పెన్నా 597 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు దానిలో కలుస్తాయి. అనంతపురం వైపు గ్రానైట్ నేలలు అరిగి పుట్టే ముతక ఇసుక ఈ నదులదే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే నదులు కాబట్టి ఇసుక కదిలేది వరద వచ్చిన కొద్ది రోజుల్లోనే. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు పొలాల్లో వేసిన మేటలు చూశాం. నది ఎంత మోయగలదో అప్పుడు తెలిసింది. మిగతా కాలమంతా ఆ ఇసుక నది పడకలో వరద కోసం ఎదురుచూస్తుంది. ఆ లోపల మనం లారీలకు ఎత్తేస్తే, ఇక్కడ బోర్లు ఎండుతాయి, అక్కడ ఒడ్డు తగ్గుతుంది. రెండు నష్టాలకూ కారణం ఒక్కటే.

పులివెందుల_సేద్యం:
బోర్ల మాట నిజం. పాపాఘ్నిలో ఇసుక తవ్విన చోట పక్క పొలాల్లో నీళ్లు దిగిపోయాయి. ఇసుక తవ్వకం మీద అయితే నేనూ మీతోనే ఉంటాను.

అనంత_నేల:
సముద్ర మట్టం సంగతి ఇంకా ఎవరూ రాయలేదు. పిల్లల ప్రశ్న అదే కదా.

తాడిపత్రి_శిల:
రాస్తున్నాను. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి ఒడ్డు నేటి తీరానికి చాలా దూరంగా, ఇప్పుడు నీటిలో ఉన్న నేల మీద ఉండేది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు అలా సముద్రం వెనక్కి పోయి బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి పోసినవే. మంచు కరిగిన కొద్దీ సముద్రం పైకి వచ్చి, ఆరేడు వేల ఏళ్ల కిందట దాదాపు నేటి స్థాయికి చేరింది. ఆ తర్వాత మట్టం పెద్దగా మారకపోవడంతో నదులకు అవకాశం దొరికింది. తెచ్చిన ఒండ్రుతో డెల్టాలను ముందుకు తోశాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సముద్రానికి దూరంగా, వరసగా కనిపించే పాత ఇసుక దిబ్బలు ఒకప్పటి ఒడ్డులే. కొల్లేరు ఒకనాడు తీరానికి ఆనుకుని ఉండేది. పులికాట్ ముందు శ్రీహరికోట కూడా అలలు నిలబెట్టిన ఇసుక ద్వీపమే.

ఇప్పటి పెరుగుదల: ప్రపంచ సగటున 1901 నుంచి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు. 2006 తర్వాత ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్లు. అంత చిన్న అంకె ఏం చేస్తుందని అనిపించవచ్చు. పెర్ బ్రూన్ అనే డెన్మార్క్ ఇంజనీరు 1962లో ఒక సూత్రం ఇచ్చాడు. మట్టం పెరిగితే అలలు ఒడ్డు పైభాగాన్ని కోసి ఆ ఇసుకను నీటి అడుగున పరుస్తాయి, వాలు మారకుండా మొత్తం తీరం పైకీ వెనక్కీ జరుగుతుంది. అలలు ఇసుకను కదిపే మేర 500 మీటర్ల వెడల్పు, దిబ్బ తల నుంచి అడుగు దాకా 10 మీటర్ల ఎత్తు అనుకోండి. నిష్పత్తి 50. అంటే ఏటా 4 మిల్లీమీటర్ల పెరుగుదలకు 20 సెంటీమీటర్ల వెనుకంజ. 50 ఏళ్లకు 10 మీటర్లు.

కర్నూలు_ఇంజనీరు:
ఈ సూత్రాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఒడ్డు వెంబడి ఇసుక రాకపోకలు సమానంగా ఉన్నాయని అది ముందే అనుకుంటుంది. మన తీరంలో అలాంటి చోటు వెతకాలి. దీన్ని ఎక్కడపడితే అక్కడ వాడకూడదని వాదించే శాస్త్రవేత్తలు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ల పక్షమే. ఒక్క తుఫానుకు పదుల మీటర్లు పోయే ఒడ్డును ఏడాదికి 20 సెంటీమీటర్ల లెక్కతో వివరించలేం. ఈ రోజు కోతకు ఎక్కువ చోట్ల కారణం ఇసుక కొరత. సముద్ర మట్టం ఆ కొరతను ఏటేటా పెంచుతుంది.

తాడిపత్రి_శిల:
కొరత ముఖ్యమన్నది ఒప్పుకుంటాను సార్. కానీ మట్టం పెరుగుదలను వెనక్కి నెట్టవద్దని నా మనవి. ఇసుకను యంత్రంతో పోయవచ్చు, నదిలో తవ్వకం ఆపవచ్చు. పెరిగిన సముద్రాన్ని మన తరంలో దించలేం. పైగా మట్టం ఎత్తుగా ఉన్నప్పుడు అదే తుఫాను మరింత లోపలికి వస్తుంది.

అనంత_నేల:
మా వైపు కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఇసుక గాలికి ఎగిరి దిబ్బలుగా మారి పొలాలను కప్పేస్తోంది. సముద్రపు ఒడ్డు దిబ్బలు కూడా ఇలాగే ఏర్పడతాయా?

కావలి_తీరం:
అలాగే. ఆరిన ఇసుకను గాలి లేపుతుంది, పొదకో తీగకో తగిలి ఆగుతుంది, మొక్క పెరిగిన కొద్దీ దిబ్బ పెరుగుతుంది. తేడా ఏమిటంటే మీకు దిబ్బ శత్రువు, మాకు కాపలా. తుఫానులో ఒడ్డుకు కావలసిన ఇసుకను ఇచ్చేది ఆ దిబ్బే. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన ఏం చేసిందో విన్న ఎవరూ దిబ్బను తక్కువగా చూడరు. అయినా రొయ్యల చెరువులకూ, రిసార్టులకూ దిబ్బలను చదును చేస్తున్నారు. చదును చేసిన చోట రెండు మూడేళ్లలో గోడ కావాలంటారు. గోడ కడితే అల దానికి కొట్టుకుని ముందున్న ఇసుకను తవ్వేస్తుంది. ఒడ్డు వెనక్కి జరగడానికి చోటు ఉండదు, గోడ మిగులుతుంది గానీ ముందు ఇసుక మిగలదు. వలలు ఆరబెట్టుకోవడానికి, పడవ ఎక్కించడానికి మాకు చోటెక్కడిది?

ప్రొద్దుటూరు_భూగోళం:
మీ అందరి సమాధానాలూ ప్రింటు తీసి తరగతిలో పెడుతున్నాను. పిల్లలు అక్కడ తమ చేతులతో కొలిచే పని ఏదైనా ఉందా? పరికరాలు కొనే స్థోమత మా పాఠశాలకు లేదు.

కర్నూలు_ఇంజనీరు:
ఉంది. 1961లో ఎమెరీ అనే భూగర్భ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. మీటరున్నర ఎత్తున్న రెండు కర్రలు, వాటికి పై నుంచి కిందికి సెంటీమీటర్ల గుర్తులు, రెండింటి మధ్య కట్టడానికి రెండు మీటర్ల తాడు. దిబ్బ దగ్గర మొదలుపెట్టండి. ఒక విద్యార్థి ఒడ్డు వైపు కర్ర పట్టుకుంటాడు, రెండోవాడు తాడు బిగుసుకునే దాకా సముద్రం వైపు నడిచి తన కర్రను నిలబెడతాడు. వెనుక ఉన్నవాడు ముందున్న కర్ర తలను, సముద్రం మీది దిగంత రేఖను ఒకే చూపులోకి తెచ్చి, ఆ చూపు తన కర్రను ఏ గుర్తు దగ్గర తాకుతుందో చదువుతాడు. పై కొన నుంచి ఆ గుర్తు దాకా ఎన్ని సెంటీమీటర్లో ఆ రెండు మీటర్లలో నేల అంత దిగిందని అర్థం. అలా నీటి అంచు దాకా వెళ్లి గళ్ల కాగితం మీద గీస్తే ఒడ్డు వాలు వస్తుంది. ప్రతి పది మీటర్లకు గుప్పెడు ఇసుక కవర్లో వేసి చీటీ రాయండి. ముతక ఇసుక ఉన్న చోట వాలు నిటారుగా, సన్న ఇసుక ఉన్న చోట చదునుగా ఉంటుంది, పిల్లలే కనిపెడతారు.

కావలి_తీరం:
పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు వెళ్లండి, ఎక్కువ మేర బయటపడుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, హెచ్చరికలు ముందే ఇస్తుంది, బయలుదేరే రోజు చూసుకోండి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సన్నటి పాయల్లో పిల్లలను దింపవద్దు. నీరు సముద్రంలోకి లాగేది అక్కడే.

ప్రొద్దుటూరు_భూగోళం:
ఏ నెల మంచిది సార్? డిసెంబర్ సెలవులా, మార్చినా?

కర్నూలు_ఇంజనీరు:
వీలైతే రెండుసార్లూ, ఒకే చోట. తుఫాన్ల తర్వాత ఒకసారి, మార్చిలో ఒకసారి. చెరిగిపోని గుర్తు నుంచి మొదలుపెట్టండి, గుడి మెట్టో కరెంటు స్తంభమో ఏదో ఒకటి. రెండు గీతలూ ఒకే కాగితం మీద పెడితే ఎంత ఇసుక తిరిగి వచ్చిందో లెక్క కట్టవచ్చు. కర్రల గుర్తులు సరిగ్గా వేయించండి. కొలతలు వచ్చాక ఇక్కడే పెడితే నేను సరిచూస్తాను.

పులివెందుల_సేద్యం:
మాస్టారూ, వెళ్లేటప్పుడు పాపాఘ్ని ఇసుక ఒక డబ్బాలో నేను పంపిస్తాను. చెన్నూరు దగ్గర పెన్నాలో ఒక డబ్బా మీరు తీసుకోండి. అక్కడి ఇసుకతో పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి.